యాక్సిడెంట్ కేసులో సమన్లు వచ్చాయి. ఒప్పేసుకుని ఫైన్ కట్టేస్తే పోతుందా?

చక్రం_తిప్పినోడు
పోయినేడాది నేను కారు నడుపుతుంటే ఒకాయన డివైడర్ సందులోంచి అడ్డంగా వచ్చేశాడు. బ్రేక్ వేశాను గానీ కొద్దిగా తగిలి కింద పడ్డాడు. నేనే ఆస్పత్రిలో చేర్పించాను. తర్వాత స్టేషన్ నుంచి ఫోన్ వస్తే వెళ్లాను, ఏదో నోటీసు ఇచ్చి సంతకం తీసుకుని పంపేశారు. అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

మొన్న కానిస్టేబుల్ ఇంటికొచ్చి సమన్లు చేతిలో పెట్టాడు. నా పేరు పక్కన "ముద్దాయి" అని ఉంది. ఆ మాట చూశాక కాళ్లూ చేతులూ ఆడలేదు. బీఎన్‌ఎస్ 281, 125(ఎ) అని సెక్షన్లు రాశారు (ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టమట). ఇంకో 12 రోజుల్లో ఉదయం పదిన్నరకు మేజిస్ట్రేట్ కోర్టుకు రావాలట.

కోర్టంటే నాకు సినిమాల్లో చూసిందే. బోనులో నిలబెడతారా? భగవద్గీత మీద ప్రమాణం చేయాలా? అందరి ముందూ నన్నే ప్రశ్నలు అడుగుతారా? ఆఫీసులో ఒకాయన "జడ్జి అడగ్గానే తప్పయిందను, ఫైన్ వేస్తారు, కట్టి వచ్చెయ్" అంటున్నాడు. నిజంగా అంతేనా?

గోడమీద_పిల్లి
ఇంత చిన్నదానికి ఇంత టెన్షనా. అంతే. ఒప్పేసుకోండి, ఫైన్ కట్టండి, మధ్యాహ్నానికి ఆఫీసులో ఉండండి. మా తమ్ముడు అదే చేశాడు.

పదిన్నరకే_హాజర్
పిల్లి గారూ, మీ తమ్ముడిది హెల్మెట్ కేసా, మనిషికి దెబ్బ తగిలిన కేసా? రెండూ ఒకటి కాదు కదా.

గోడమీద_పిల్లి
హెల్మెట్టే. అయినా కోర్టు కోర్టేగా 😀

ఊరికే_చూస్తున్నా
ఒప్పుకుంటే పాస్‌పోర్ట్ రాదు, జాగ్రత్త. మా పక్కింటివాళ్ల అబ్బాయికి అదే అయింది. వీసా కూడా పోయింది.

ప్లీడరమ్మ
క్రిమినల్ కోర్టుల్లోనే ప్రాక్టీసు చేస్తాను. మీ కాగితాలు చూడకుండా సలహా ఇవ్వను, పద్ధతి మాత్రం చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. ఆయనకు ఎముక విరిగిందా? సమన్లలో 125(ఎ) ఉందంటే మామూలు గాయమే అయి ఉండాలి. విరిగితే 125(బి) పడేది, దానికి 3 ఏళ్ల వరకు శిక్ష ఉంది, విచారణ పద్ధతి కూడా మారిపోతుంది. మీ రెండు సెక్షన్లలో (281 ర్యాష్ డ్రైవింగ్, 125(ఎ) దానివల్ల గాయం) ఒక్కోదానికి గరిష్ఠం 6 నెలలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2 ఏళ్లకు మించని నేరాలను "సమన్స్ కేసు" అంటారు. ఇందులో పెద్ద తతంగం ఉండదు. ఛార్జి అని విడిగా రాయరు. జడ్జిగారు మీ మీదున్న ఆరోపణ ఏమిటో మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఒప్పుకుంటారా లేదా అని అడుగుతారు.

ఇక "తప్పయిందను" అన్న సలహా. మీరు ఒప్పుకుంటే జడ్జిగారు మీ మాటల్ని వీలైనంతవరకు మీరు అన్నట్టుగానే రాసుకోవాలని చట్టంలో ఉంది. ఆ ఒక్క వాక్యం మీదే శిక్ష వేయొచ్చు. సాక్షి అక్కర్లేదు, రుజువు అక్కర్లేదు. తర్వాత అప్పీలు వేద్దామన్నా, శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం లేదనో అనాలి తప్ప "నేను చేయలేదు" అనడానికి దాదాపు దారి ఉండదు. ఫైన్ చిన్నదే కావచ్చు, రికార్డులో మాత్రం దోషి అని పడుతుంది. లైసెన్సు కొంతకాలం పనికిరాదని చెప్పే అధికారం కూడా మోటారు వాహనాల చట్టం కోర్టుకు ఇచ్చింది.

ఊరికే_చూస్తున్నా గారు పాస్‌పోర్ట్ సంగతి తిరగేసి చెప్పారు. ఫైన్‌తో పోయిన ర్యాష్ డ్రైవింగ్ కేసు వల్ల పాస్‌పోర్ట్ ఆగదు. ఇబ్బంది పెట్టేది కోర్టులో పెండింగ్‌లో ఉన్న కేసు. దానికీ మార్గం ఉంది. 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు నుంచి అనుమతి ఉత్తర్వు తెచ్చుకుంటే పాస్‌పోర్ట్ ఇస్తారు.

ఊరికే_చూస్తున్నా
ఓ. మరి వాళ్ల అబ్బాయిది పెండింగ్ కేసే అయి ఉంటుంది. వాళ్లమ్మగారు ఇంకోలా చెప్పారు లెండి.

చక్రం_తిప్పినోడు
ప్లీడరమ్మ గారూ, ఎముక విరగలేదు మేడం. మోకాలి దగ్గర కుట్లు పడ్డాయి, అంతే. మరి ఒప్పుకోకపోతే జడ్జికి కోపం వస్తుందా? మొండివాడు అనుకోరూ?

మాజీ_బెంచ్_క్లర్క్
కోపమెందుకు నాయనా. 31 ఏళ్లు జడ్జిగారి డయాస్ కింద కూర్చుని ఫైళ్లు అందించాను. రోజుకు ఎంతమంది "కాదు సార్" అంటారో లెక్కపెడితే వేళ్లు అరిగిపోతాయి. "కాదు" అనగానే "నేరం ఒప్పుకోలేదు" అని రాసుకుని, సాక్షులకు సమన్లు ఇమ్మని తారీఖు వేస్తారు. ఆ పూటకు మీ పని అయిపోయినట్టే.

అసలు సంగతి చెబుతాను. మీ కేసు ఏడాది నడవనీ, మూడేళ్లు నడవనీ, ముద్దాయి నోరు విప్పాల్సిన సందర్భాలు మూడే. మొదటిది ఈ ఒప్పుకుంటావా లేదా. రెండోది సాక్షులందరూ అయిపోయాక 313 సెక్షన్ కింద జడ్జిగారు మీ మాట అడిగేటప్పుడు. మూడోది, దోషి అని తేలితే "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా" అన్నప్పుడు. మిగిలిన రోజులన్నీ పేరు పిలిస్తే "హాజర్" అనడం, తారీఖు తెలుసుకుని వెళ్లడం. మీరు భయపడుతున్న ప్రశ్నల వర్షం సాక్షుల మీద పడుతుంది, మీ మీద కాదు.

ముద్దాయి అంటే నేరస్థుడు కాదు. ఆరోపణ ఉన్న మనిషి, అంతే. కొత్తగా వచ్చే అటెండర్లకు మొదటిరోజు ఇదే చెప్పేవాణ్ని.

వాయిదాల_వీరుడు
మూడు సందర్భాలా? నా లెక్క వేరే. ఆరేళ్లలో 58 వాయిదాలు. నోరు విప్పింది ఒక్కసారి, బయట బల్ల మీద "కొంచెం జరగండి" అని.

సత్యభామ_2
😂😂 కొత్త చట్టంలో ఒక పక్షానికి రెండు వాయిదాలకు మించి ఇవ్వకూడదన్నారని చదివాను?

వాయిదాల_వీరుడు
చదివారు. నేను చూశాను.

ప్లీడరమ్మ
వీరుడు గారి బాధ న్యాయమే గానీ, ఆ రెండు వాయిదాల నిబంధన పార్టీలు చేతులారా అడిగే వాయిదాలకు. జడ్జి సెలవు, సాక్షి రాకపోవడం, బదిలీల వల్ల ఖాళీ, ఇవి ఆ లెక్కలోకి రావు. తారీఖులు పెరిగేది ఎక్కువగా వీటితోనే.

సెక్షన్ నంబర్ల దగ్గర చాలామంది తికమక పడుతున్నారు కాబట్టి ఇది కూడా. 2024 జులై 1 నుంచి క్రిమినల్ కేసుల పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. క్లర్క్ గారు 313 అన్నది ఇప్పుడు 351. మేం కూడా ఇంకా 313 అనే అంటున్నాం, నోటికి పట్టేసింది.

చక్రం_తిప్పినోడు
క్లర్క్ గారూ, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. వారం తర్వాత నిన్న రాత్రి నిద్రపోయాం. ఆ 313 గురించి ఇంకొంచెం చెబుతారా? బోను, ప్రమాణం సంగతి కూడా.

మాజీ_బెంచ్_క్లర్క్
బోను ఉంటుంది. చెక్క కటకటాలది, కొన్ని కొత్త కోర్టుల్లో ఉత్త రెయిలింగ్. పేరు పిలిచినప్పుడు వెళ్లి అందులోనో పక్కనో నిలబడాలి. వయసు పైబడ్డవారు, ఒంట్లో బాగోలేనివారు లాయరుతో చెప్పిస్తే కూర్చోమనే అంటారు. ప్రమాణం మాత్రం మీకు లేదు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం ముద్దాయిచేత ప్రమాణం చేయించకూడదు, తనే సాక్షిగా బోనెక్కితే తప్ప. సాక్షులు కూడా ఏ గ్రంథం మీదా చెయ్యి పెట్టరు. "దేవుని మీద ప్రమాణం చేసి" అనో, దేవుడొద్దనుకుంటే "మనస్సాక్షిగా" అనో నిజమే చెబుతానంటారు, అయిపోతుంది. సుత్తి కూడా ఉండదు. నా సర్వీసులో ఏ జడ్జిగారి బల్ల మీదా సుత్తి చూడలేదు. సినిమావాళ్లు ఎక్కణ్నుంచి తెచ్చారో.

313 అంటే ఇది. ప్రాసిక్యూషన్ సాక్షులు అయిపోయాక, వాళ్లు మీకు వ్యతిరేకంగా చెప్పిన ఒక్కో అంశాన్నీ జడ్జిగారు మీ ముందు పెడతారు. "మీరు వేగంగా నడిపారని ఒకటో సాక్షి చెప్పాడు, మీరేమంటారు?" ఇలాగ. మీకు తెలిసిన భాషలోనే అడుగుతారు. జవాబు చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పనందుకు శిక్ష లేదు, తప్పు చెప్పినా దానికి శిక్ష లేదు, ఎవరూ క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేయరు. అయితే మీరు చెప్పిందాన్ని తీర్పులో పరిగణనలోకి తీసుకోవచ్చు.

నాకు బాధ కలిగేది ఇక్కడే. లాయర్లు నేర్పిస్తారు, అన్నిటికీ "అబద్ధం" అనమని. నూటికి తొంభైమంది అదే పాట. ఒకాయనైతే అలవాటులో "మీ పేరు ఫలానాయేనా?" అన్నా "అబద్ధం సార్" అన్నాడు. హాలంతా నవ్వు, జడ్జిగారు కూడా ఫైలు అడ్డం పెట్టుకున్నారు. మొత్తం కేసులో కోర్టు నేరుగా మీ మొహం చూసి "నీ మాటేంటి" అని అడిగేది ఆ ఒక్క రోజే. ఆయన డివైడర్ సందులోంచి వచ్చాడన్నది నిజమైతే ఆ రోజు చెప్పుకోవాలి. ఉత్త "అబద్ధం" అంటే ఫైల్లో అబద్ధం అనే ఉంటుంది.

ప్లీడరమ్మ
క్లర్క్ గారితో ఇక్కడ కొంచెం విభేదిస్తాను. అన్ని కేసుల్లోనూ కథ చెప్పడం మంచిది కాదు. "నేనే నడుపుతున్నా, ఆయన అడ్డం వచ్చాడు" అంటే డ్రైవరు మీరేనని మీరే చెప్పినట్టు. కారు నడిపింది ఎవరన్నదే ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిన కేసులో ఆ మాట ఎందుకు అందించాలి? రుజువు భారం వాళ్లది. రాజ్యాంగం 20(3) ముద్దాయిని తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని చెబుతున్నది ఇందుకే. మౌనం కూడా ఒక జవాబే, కేసును బట్టి.

మాజీ_బెంచ్_క్లర్క్
అమ్మా, ఆస్పత్రిలో చేర్పించింది ఆయనే, రిజిస్టర్లో సంతకం పెట్టిందీ ఆయనే. డ్రైవరు ఎవరో దాస్తే దాగుతుందా?

ప్లీడరమ్మ
ఈ కేసుకు మీ మాటే కరెక్టు. చదివేవాళ్లు అందరూ ఇదే పట్టుకుని వెళ్తారని చెప్పాను.

చెక్కు_చెదిరింది
రుజువు భారం వాళ్లదే అని అందరికీ చెప్పకండి మేడం. నాది చెక్ బౌన్స్. సంతకం నాదేనని ఒప్పుకున్నందుకు, అప్పు ఉన్నట్టే చట్టం అనుకుంటుందట, లేదని నేను చూపించాలట. ముద్దాయినీ నేనే, నిరూపించాల్సిందీ నేనే.

ప్లీడరమ్మ
నిజమే, 138 (చెక్ బౌన్స్) కేసుల్లో 139 సెక్షన్ కింద ఆ ఊహ ఉంది. కానీ దాన్ని తిప్పికొట్టడానికి మీరు పోలీసుల స్థాయిలో నిస్సందేహంగా నిరూపించక్కర్లేదు. అవతలివాళ్లను క్రాస్ చేసి, ఆ డబ్బు ఎక్కణ్నుంచి తెచ్చారు, ఎప్పుడిచ్చారు, లెక్కల్లో చూపారా అని అడిగి, నమ్మదగ్గ అనుమానం కలిగించినా చాలు. మీ మటుకు మీరు బోనెక్కి సాక్ష్యం చెప్పాలనేం లేదు. ఎక్కాలనుకుంటే రాతపూర్వకంగా అడగాలి, అప్పుడు ప్రమాణం ఉంటుంది, క్రాస్ కూడా ఉంటుంది. ఎక్కనందుకు మాత్రం ఎవరూ వేలెత్తి చూపకూడదు, జడ్జి కూడా.

తెల్లకాగితం
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకూ సమన్లు వచ్చాయి, మా బాబాయి కొడుకులు భూమి పంపకాల కోసం వేశారు. నేనూ ముద్దాయినేనా? వెళ్లకపోతే పోలీసులు వస్తారా?

పదిన్నరకే_హాజర్
మీరు ముద్దాయి కాదు, ప్రతివాది. మీది సివిల్. పోలీసులు రారు. రానందుకు సంతోషపడి ఇంట్లో కూర్చుంటే మాత్రం మా నాన్నగారికి జరిగిందే మీకూ జరుగుతుంది. "దావా వేసింది మనవాళ్లేగా, చూద్దాంలే" అని సమన్లు బీరువాలో పెట్టారు. కోర్టు ఆయన్ని ఎక్స్‌పార్టీ చేసి, అవతలివాళ్ల మాటే విని డిక్రీ ఇచ్చేసింది. మాకు తెలిసింది కోర్టు అమీను వచ్చి కొలతలు వేస్తుంటే.

తెల్లకాగితం
అయ్యో. తర్వాత?

పదిన్నరకే_హాజర్
డిక్రీ రద్దు చేయమని పిటిషన్ వేశాం. దానికి 30 రోజులే గడువు. ఆలస్యానికి ఇంకో పిటిషన్. ఆలస్యం ఎందుకైందంటే ఏం రాయాలి, బీరువా అని రాయాలా? చివరికి ఖర్చులు కట్టించుకుని ఒప్పుకున్నారు. అప్పట్నుంచి నా పేరు చూశారుగా, పదిన్నరకే హాజర్.

ప్లీడరమ్మ
తెల్లకాగితం గారూ, సమన్లు అందినరోజు నుంచి 30 రోజుల్లో మీ రాతపూర్వక జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంట్ వేయాలి. కారణం చూపితే 90 రోజుల వరకు పొడిగిస్తారు. అందులో అవతలివాళ్లు రాసిన ఒక్కో పేరాకూ విడివిడిగా జవాబివ్వండి. కాదని స్పష్టంగా అనని విషయాన్ని ఒప్పుకున్నట్టే తీసుకుంటారు. క్రిమినల్‌లో మౌనం రక్షణ, సివిల్‌లో మౌనం ఒప్పుకోలు. ఆ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. మిగతాది వేరే పోస్టు పెట్టి అడగండి, ఇక్కడ రెండూ కలిసిపోతున్నాయి.

గోడమీద_పిల్లి
సరే, ఒప్పుకోకపోతే ప్రతి వాయిదాకూ సెలవు పెట్టి తిరగాలిగా? మూడేళ్లు తిరగడం కన్నా ఫైన్ నయం అంటున్నా, అందులో తప్పేముంది?

సత్యభామ_2
పిల్లి గారి మాటలో పాయింట్ ఉంది. నేను ఒక కొట్లాట కేసులో ఎ4, అంటే నాలుగో ముద్దాయిని. ఏమీ చేయలేదు, విడదీయడానికి వెళ్లాను. నాలుగేళ్లకు నిర్దోషి అన్నారు. ఆ నాలుగేళ్లలో పోయిన సెలవులు ఎవరిస్తారు? విచారణే పెద్ద శిక్ష అని ఊరికే అనలేదు.

మాజీ_బెంచ్_క్లర్క్
అందుకే గైర్హాజరు పిటిషన్ ఉంది. పాత 317, కొత్త 355. ఆ రోజు రాలేనంటే లాయరు పిటిషన్ వేసి మీ తరఫున హాజరవుతారు. సాధారణంగా ఒప్పుకుంటారు. మూడు రోజులు మాత్రం మీరే రావాలి అనుకోండి. ఒప్పుకుంటావా అని అడిగే రోజు, 313 రోజు, తీర్పు రోజు. సాక్షి మిమ్మల్ని చూపించి గుర్తుపట్టాల్సిన కేసైతే ఆ రోజు కూడా రమ్మంటారు. "ఆ డ్రైవరు ఈ హాల్లో ఉన్నారా?" అని పీపీ (ప్రభుత్వ లాయరు) అడుగుతారు, సాక్షి చెయ్యి చూపిస్తాడు. గుర్తింపు గురించి వివాదం లేదని లాయరు ముందే రాసిస్తే దానికీ మినహాయింపు దొరుకుతుంది. శాశ్వతంగా హాజరు మినహాయించమని 228 కింద మొదట్లోనే అడగొచ్చు, చిన్న కేసుల్లో ఇస్తారు.

చేయకూడనిది ఒక్కటే. పిటిషనూ లేకుండా, మనిషీ లేకుండా ఉండటం. బంట్రోతు వరండాలోకి వచ్చి మూడుసార్లు పేరు పిలుస్తాడు. మూడోసారికి పలుకు లేకపోతే ఫైలు మీద "ఎన్‌బీడబ్ల్యూ" పడుతుంది. నాన్ బెయిలబుల్ వారెంటు. అప్పుడు చిన్న కేసు పెద్దదవుతుంది.

వాయిదాల_వీరుడు
పిలుపు గురించి ఒక హెచ్చరిక. మైకు ఉండదు. వరండాలో రెండు వందలమంది ఉంటారు. నా పేరును అతను ఎప్పుడూ సరిగ్గా పిలవలేదు. ఓసారి మా నాన్నగారి పేరుతో పిలిచాడు, ఆయన పోయి పదేళ్లయింది. నేను వేరే ఎవరో అనుకున్నా. వారెంటు. మధ్యాహ్నం లాయరు రీకాల్ పిటిషన్ వేసి అదే రోజు తీయించారు. అప్పట్నుంచి తలుపు దగ్గరే నిలబడతా.

పదిన్నరకే_హాజర్
ఈ-కోర్ట్స్ యాప్ పెట్టుకోండి. మీ కేసుకు 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ ఉంటుంది. అది కొడితే తర్వాతి తారీఖు, కేసు ఏ దశలో ఉంది, అన్నీ కనిపిస్తాయి. ఉదయాన్నే కాజ్ లిస్టులో (ఆ రోజు కేసుల జాబితా) మీ వరుస సంఖ్య చూసుకుని వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

చక్రం_తిప్పినోడు
ఇదంతా చదివాక ఒప్పేసుకునే ఆలోచన పక్కన పెట్టాను. కానీ ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి మాట్లాడితే రాజీ అవుతుందేమో కదా? మంచివాడిలాగే ఉన్నాడు.

సత్యభామ_2
ఒంటరిగా అస్సలు వెళ్లకండి! సాక్షిని బెదిరించారని ఇంకో కేసు పడుతుంది.

ప్లీడరమ్మ
సత్యభామ గారు చెప్పింది విని తీరాలి. ఆయన ఈ కేసులో ముఖ్య సాక్షి. మీరు పలకరించడానికే వెళ్లినా రేపు ఎలా చెబుతారో మనకు తెలియదు. రాజీ మాటలేమన్నా ఉంటే లాయరు ద్వారా. ఇంకో చిక్కు కూడా ఉంది. దెబ్బ తగిలిన సెక్షన్‌కు బాధితుడు రాజీ పడొచ్చు గానీ 281 రాజీ పడే సెక్షన్ కాదు, అది రోడ్డు మీది జనమందరి తరఫున ప్రభుత్వం పెట్టింది. ఆయన పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేశారా? వేసి ఉంటే మీ ఒప్పుకోలు కాపీ అక్కడ పెడతారు, అదీ గుర్తుంచుకోండి. ఇన్సూరెన్స్ కాగితాలు, ఆ రోజు లైసెన్సు చెల్లుబాటులో ఉన్నట్టు రుజువు, మీ లాయరుకు ఇవ్వండి.

విచారణ అయ్యాక దోషి అన్నా దారి మూసుకుపోదు. 1958 ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలేయమని అడగొచ్చు. ఆ చట్టం కింద వదిలేస్తే శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటవు. పిల్లి గారు చెప్పిన ఫైన్ కన్నా అది ఎన్నో రెట్లు మేలు.

గోడమీద_పిల్లి
సరే సరే, దిగిపోతున్నా గోడ.

ఊరికే_చూస్తున్నా
లాయరు పెట్టుకునే స్తోమత లేనివాళ్ల సంగతేంటి? అందరికీ ప్లీడరమ్మ గారు దొరకరుగా.

మాజీ_బెంచ్_క్లర్క్
దాదాపు ప్రతి కోర్టు ఆవరణలోనూ న్యాయసేవా సంస్థ గది ఉంటుంది. 1987 చట్టం కింద ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్లకు, చట్టంలో చెప్పిన ఇంకొందరికి ఆదాయంతో పని లేదు, మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. ఫోన్ చేయాలంటే 15100. జడ్జిగారితో నేరుగా "నాకు లాయరు లేరు సార్" అన్నా చాలు, ఆయనే రాసి పంపుతారు. అడగడానికి సిగ్గుపడి, లాయరు లేకుండా బోనులో నిలబడి, సాక్షిని ఏం అడగాలో తెలియక "అడిగేదేం లేదు" అన్నవాళ్లను చాలామందిని చూశాను. ఆ "లేదు" అన్న మాట కూడా రికార్డే.

సత్యభామ_2
"మై లార్డ్" అనాలా, "యువరానర్" అనాలా? మొదటిరోజు నేను "మేడమ్ సార్" అనేశాను.

ప్లీడరమ్మ
కింది కోర్టుల్లో "సార్", "మేడమ్" లేదా తెలుగులో "అయ్యా", "అమ్మా" చాలు. బార్ కౌన్సిల్ 2006లోనే చెప్పింది. మీరు ఒకేసారి రెండూ అన్నారు, లోటేం లేదు 😀

చక్రం_తిప్పినోడు
వెళ్లొచ్చాను. ఏం జరిగిందో రాస్తున్నాను.

తొమ్మిదిన్నరకే వెళ్లాను. హాలు నేననుకున్న దాంట్లో సగం కూడా లేదు, మా స్కూలు తరగతి గదంత ఉంది. ఫోన్ స్విచ్ఛాఫ్ చేయించారు. లాయరు వకాల్తా మీద సంతకం తీసుకున్నారు. నా నంబరు 47. వీరుడు గారు చెప్పినట్టు తలుపు దగ్గరే నిలబడ్డాను, అయినా పిలిచినప్పుడు సగం పేరే వినిపించింది. చెయ్యెత్తి "హాజర్" అన్నాను, కొంచెం గట్టిగా అన్నట్టున్నాను, అందరూ తిరిగారు.

జడ్జిగారు తల కూడా పూర్తిగా ఎత్తలేదు. లాయరు హాజరు పిటిషనూ బాండూ ఇచ్చారు. "కాపీలు ఇచ్చారా?" అని అడిగారు, ఏపీపీ నుంచి ఒక కట్ట నా చేతికొచ్చింది, సంతకం పెట్టాను, తర్వాతి తారీఖు చెప్పారు. మొత్తం రెండు నిమిషాలు. నెలన్నర తర్వాత అట, ఆ రోజు ఒప్పుకుంటారా లేదా అని అడుగుతారని లాయరు చెప్పారు. ఇన్ని రోజులూ నిద్ర పోకుండా చేసిన రెండు నిమిషాలు ఇవేనా అనిపించింది.

వాయిదాల_వీరుడు
ఒకటి. ఇంకో 57.

మాజీ_బెంచ్_క్లర్క్
ఆ కట్ట దాచుకోకండి, చదవండి. ఛార్జిషీటు, వాంగ్మూలాలు, గాయాల సర్టిఫికెట్, ఘటనాస్థలం పటం ఉంటాయి. మీకు ఉచితంగా ఇవ్వాల్సినవే అవి. ఏ కాగితమైనా తక్కువైనా, చదవడానికి రాకపోయినా తర్వాతి తారీఖుకే చెప్పాలి.

చక్రం_తిప్పినోడు
చదువుతున్నానండి, మూడోసారి. పటంలో డివైడర్ ఉంది, సందు గీయలేదు. ఎల్‌డబ్ల్యూ 3 అని ఒక ప్రత్యక్ష సాక్షి పేరుంది. "కారు అతివేగంగా, నిర్లక్ష్యంగా వచ్చి" అని చెప్పాడట. ఎల్‌డబ్ల్యూ 2 చెప్పింది కూడా అదే, అక్షరం పొల్లు పోకుండా. ఈ మూడో ఆయన ఆ రోజు అక్కడ

ప్లీడరమ్మ
ఆగండి. ఆ మిగతా సగం ఇక్కడ రాయకండి. ఆ సాక్షి బోనెక్కినప్పుడు మీ లాయరు అడగాల్సిన ప్రశ్న అది. కాగితం మీద రాసి రేపే ఆయనకివ్వండి. పై పోస్టు కూడా వీలైతే సరిచేయండి.

చక్రం_తిప్పినోడు
ఎడిట్ బటన్ పదిహేను నిమిషాలకే పోయింది మేడం. ఇక రాయను. అడ్మిన్ ఎవరైనా ఉంటే ఆ చివరి మూడు లైన్లు తీసేయరా?

అడ్మిన్_4
చూశాను. తీసేయాలంటే ఇద్దరు మోడరేటర్లు ఒప్పుకోవాలి. రెండో ఆయన సెలవులో ఉన్నారు, సోమవారం చూస్తాం.

వాయిదాల_వీరుడు
ఇక్కడ కూడానా.